గిల్డ్ పెట్టబోతున్న పిల్లలకు

చిరంజీవులకు,

ఆన్‌లైన్ ఆటలో రోల్‌ప్లే గిల్డ్, అంటే పాత్రల్లోకి దిగి కలిసి కథ నడిపే ఆటగాళ్ల జట్టు, పెట్టాలని ఉబలాటపడుతున్నారు కనుక ఈ ఉత్తరం. పేరు, జెండా, దుస్తుల రంగు ఈపాటికి మీరే తేల్చేసుకుని ఉంటారు. వాటి జోలికి నేను రాను. జెండా బాగోలేదని మూతపడ్డ గిల్డ్ ఎక్కడా ఉండదు. రెండో నెల వచ్చేసరికి చేయడానికి పని లేక కొన్ని పోతాయి. కథంతా నాయకుడి గుప్పిట్లోనే ఉండి, మిగతావాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లుగా మిగిలిపోవడం వల్ల చాలా పోతాయి. నేను చెప్పేదంతా ఈ రెండిటి గురించే.

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ తయారుచేసిన 'మడ్' అనే ఆటలో బొమ్మలే లేవు, తెర నిండా అక్షరాలే. ఇప్పటి ఆటల్లో కొండలూ కోటలూ ఎంత బాగా కనబడుతున్నా రోల్‌ప్లే మాత్రం ఇంకా టైపింగ్ మీదే బతుకుతోంది. టైపింగ్‌కి టైం పడుతుంది. ఈ ఒక్క మాట మరిచిపోవడం వల్ల ఎన్ని సాయంత్రాలు పాడవుతాయో కింద లెక్కకట్టి చూపిస్తాను.

ముందు, మీ గిల్డ్ ఏం పని చేస్తుంది? 'చెడు మీద పోరాడే వీరుల కూటమి' అంటే ఏ పనీ లేదని అర్థం. నగర కావలి దళం, సరుకు బండ్లకు కాపలా వెళ్లే కిరాయి జట్టు, ఓడ సిబ్బంది, మందులు నూరి అమ్మే వైద్యులు, ఇలాంటివి నిలబడతాయి. మీ ఆలోచనకి ఒక పరీక్ష పెట్టండి: ఆ పూట ముగ్గురే వచ్చారు, వాళ్లకి గంటసేపు పాత్రల్లో ఉండి చేసే పని ఏదైనా ఉందా? కావలి దళానికి ఉంది. గస్తీ తిరుగుతారు, దారిలో తగిలిన పరాయి ఆటగాళ్లని పలకరిస్తారు, వాళ్లు సరేనంటే సోదా చేస్తారు. రాజకుటుంబం గిల్డ్‌కి లేదు. రాజు, రాణి, యువరాజు పాత్రలు ముందే ఎవరో తీసేసుకుంటారు, తొమ్మిదో మనిషికి దివిటీ పట్టుకునే వేషం మిగులుతుంది. రహస్య హంతకుల ముఠా ఇంకా కష్టం. రహస్యం కనుక బయటివాళ్లతో మాట్లాడకూడదు, మాట్లాడకపోతే రోల్‌ప్లే ఎక్కడిది? అయినా ప్రతి సర్వర్‌లోనూ (ఒకే ఆటకి విడివిడిగా నడిచే లోకాల్లో ఒక్కోదాన్నీ సర్వర్ అంటారు) ఇలాంటి ముఠాలు అరడజను పుడుతూనే ఉంటాయి, చెబితే వినరు.

చోటు కూడా ముఖ్యమే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో రోల్‌ప్లే కోసమే కేటాయించిన సర్వర్లున్నాయి: అమెరికా వైపు మూన్ గార్డ్, విర్మ్‌రెస్ట్ అకార్డ్, ఐరోపా వైపు ఆర్జెంట్ డాన్. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఇంకో ఆటలో 'ఇది రోల్‌ప్లే సర్వర్' అని తయారీదారులు వేసిన ముద్ర ఏదీ లేదు. ఆటగాళ్లే పోగై బాల్‌మంగ్ లాంటి సర్వర్లని రోల్‌ప్లేకి అడ్డాగా చేసుకున్నారు. మీ స్నేహితులు నలుగురు మామూలు సర్వర్‌లో ఉన్నారని అక్కడే గిల్డ్ పెడితే, ఆ నలుగురి తర్వాత ఐదో మనిషి దొరకడు.

పెట్టే తతంగం చిన్నదే. వార్‌క్రాఫ్ట్ పాత రూపమైన క్లాసిక్‌లో చార్టర్ (గిల్డ్ పెట్టే పత్రం) మీద ఇంకో 9 మంది సంతకాలు కావాలి, ఇప్పటి మామూలు ఆటలో 4 చాలు. ఫైనల్ ఫాంటసీ 14లో ఫ్రీ కంపెనీకి (అక్కడ గిల్డ్‌ని అలా అంటారు) 15,000 గిల్, అంటే ఆటలోని డబ్బు, మీరు కాక ఇంకో 3 సంతకాలు. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో ఒక్కరు ఒకేసారి 5 గిల్డ్‌లలో ఉండొచ్చు కనుక అక్కడ మీ జాబితాలో పేరున్నంత మాత్రాన ఆ మనిషి మీ మనిషైపోడు. 10 మంది చేరితేగానీ అక్కడ గిల్డ్ బ్యాంక్, అంటే సభ్యులందరూ ఆటలోని సామాను దాచుకునే ఖజానా, తెరుచుకోదు. ఆ లెక్క నింపడానికని దారినపోయేవాళ్లందరినీ లోపలికి లాగకండి. బ్యాంక్ లేకుండా ఏ కథైనా నడుస్తుంది.

హోదాల దగ్గర పెద్ద తికమక ఉంది. 'దళపతి' అన్నది కథలో హోదా. మనుషుల్ని చేర్చుకోవడం, తీసేయడం, బ్యాంక్ తాళం పెట్టుకోవడం ఆటలో అధికారం. ఆట మాత్రం రెండిటినీ ఒకే జాబితాలో పెడుతుంది. మీరు విడదీయండి. అధికారం ముగ్గురికి చాలు: ఒకరు నాయకుడు, ఒకరు కొత్తవాళ్లని చూసుకోవడానికి, ఒకరు కార్యక్రమాల లెక్క చూడటానికి. కథలో దళపతి ఈ ముగ్గురిలో ఎవరూ కాకపోతే మరీ మంచిది. నిజంగా గిల్డ్ నడిపే మనిషే కథలోనూ సేనాని అయితే అతని పాత్రతో విభేదించడానికి ఎవరికీ ధైర్యం చాలదు, ఎదురుమాట లేని కథ నాలుగు వారాల్లో చప్పబడుతుంది. వార్‌క్రాఫ్ట్ 10 హోదాల దాకా ఇస్తుంది, మీకు 4 చాలు. కొత్తగా చేరినవాళ్లు బ్యాంక్‌లో పెట్టగలగాలి, తీయడానికి మాత్రం వీలుండకూడదు. హోదాని బట్టి రోజుకి ఎన్ని తీయొచ్చో అక్కడే కట్టడి చేయొచ్చు. ఇది మొదటి రోజే పెట్టండి. బ్యాంక్ ఖాళీ అయ్యాక పెడితే ఎవరిని అనుమానించాలా అని గిల్డంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

కొత్తవాళ్లతో ముందు పాత్ర బయట పావుగంట మాట్లాడండి. నియమాలు చదివారా, వారంలో ఏ రోజులు వీలు, కథలో ఏది తగిలితే వాళ్లకి ఇబ్బంది (రక్తపాతమా, హింసా, సాలీళ్లా)? ఆ తర్వాతే పాత్రలోకి దిగి ఇంకో పావుగంట. వాళ్ల పాత్ర ఎంత బలమైనదో చూడాల్సిన పని లేదు. ఎదుటివాళ్లు అన్నదానికి జవాబిస్తున్నారా, తమ పాత కథే చెప్పుకుపోతున్నారా అన్నది గమనించండి. రెండు వారాలు చూసి అప్పుడు పూర్తి సభ్యత్వం ఇవ్వండి.

ఇక రోజు, టైం. వారానికి ఒక్కటే సాయంత్రం, ఎప్పుడూ అదే రోజు, అదే గంట. వేరే దేశాలవాళ్లుంటే సర్వర్ టైంలో చెప్పండి. కొన్ని దేశాల్లో ఏడాదికి రెండుసార్లు గడియారం గంట జరుపుతారు, ఆ వారం సగంమంది గంట ముందో వెనకో వస్తారు, ముందే రాసి పెట్టండి. 20 మంది ఉన్న గిల్డ్‌లో 7, 8 మంది వస్తే అది మంచి హాజరే, అలక పూనకండి. రెండు గంటలు అనుకుంటే మొదటి 15 నిమిషాలు పోగవడానికి, 90 నిమిషాలు కథకి, చివరి 15 నిమిషాలు పాత్రలు వదిలేసి కబుర్లకి. చాలామంది ఈ చివరి పావుగంట కోసేస్తారు. కథలో జరిగిన గొడవ మనసులోకి పాకిందో లేదో తెలిసేది మాత్రం అప్పుడే.

ఇప్పుడు టైపింగ్ లెక్క. ఒక వంతుకి రెండు మూడు వాక్యాలు రాయడానికి సుమారు 2 నిమిషాలు. ఐదుగురుంటే అందరి వంతూ ఒకసారి అయ్యే చుట్టుకి 10 నిమిషాలు, 90 నిమిషాల్లో 9 చుట్లు. హాయిగా సాగుతుంది. 12 మందైతే చుట్టుకి 24 నిమిషాలు, సాయంత్రమంతా కలిపి నాలుగు చుట్లు కూడా తిరగవు. తన వంతు కోసం 22 నిమిషాలు ఆగినవాడు ఈలోగా వేరే కిటికీ తెరిచి వీడియో చూస్తుంటాడు, అతని తప్పేం లేదు. ఆరుగురు దాటగానే రెండు జట్లు చేయండి, ఒక్కో జట్టుకి కథ చెప్పే మనిషి ఒకరు. వార్‌క్రాఫ్ట్‌లో ఒక్కో సందేశానికి 255 అక్షరాలే పడతాయి. అంతకంటే పొడుగు రాసేవాళ్లు వాక్యం చివర కొనసాగింపు గుర్తు ఏదైనా పెట్టాలి, లేకపోతే మాట మధ్యలోనే పక్కవాళ్లు జవాబిచ్చేస్తారు.

పోరాటానికి పాచికలు వాడతారు. వార్‌క్రాఫ్ట్‌లో /roll అని టైప్ చేస్తే 1 నుంచి 100 లోపు ఒక అంకె జట్టులో అందరికీ కనబడేలా పడుతుంది. 51 అంతకుమించి పడితే దెబ్బ తగిలినట్టు అనుకోండి, అంటే సగానికి సగం అవకాశం. ఆరుగురు ఆడితే చుట్టుకి సగటున 3 దెబ్బలు. శత్రువు 10 దెబ్బలకి పడిపోతాడని పెట్టుకుంటే 4 చుట్లు. చుట్టుకి ఆరుగురివి 12 నిమిషాలు, కథ చెప్పేవాళ్లవి 3, కలిపి 15. నాలుగు చుట్లకి గంట. చక్కగా సరిపోయింది. 'ఇది చివరి రాక్షసుడు, గట్టిగా ఉండాలి' అని 30 దెబ్బలు పెట్టారో, 10 చుట్లు, రెండున్నర గంటలు. అర్ధరాత్రి ఒక్కొక్కరే జారుకుంటారు. గట్టి శత్రువు కావాలంటే దెబ్బల సంఖ్య పెంచకండి. మధ్యలో వంతెన కూలనివ్వండి, బందీని ఎత్తుకుపోనివ్వండి.

ఇంకో లెక్క కూడా చూడండి. సగం అవకాశంలో ఒక మనిషికి వరసగా మూడుసార్లు గురి తప్పే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఆరుగురున్న జట్టులో మొదటి మూడు చుట్లలోనే ఎవరో ఒకరికి అలా జరిగే అవకాశం సగం కంటే ఎక్కువ, 55 శాతం దాకా. అంటే దాదాపు సాయంత్రం విడిచి సాయంత్రం ఒకరు ముప్పావుగంట సేపు ఏమీ చేయలేకపోతారు. అందుకే గురి తప్పితే 'ఏమీ జరగలేదు' అని వదిలేయకూడదు. కత్తి తప్పి గోడకి తగిలింది, గోడ వెనక బోలుగా మోగింది. బాణం తప్పింది, శత్రువు దాన్ని చూసి తిరిగాడు, పక్కవాడికి వీపు దొరికింది.

రాసే పద్ధతిలో ఒకే ఒక్క గట్టి నియమం: మీ పాత్ర చేసే ప్రయత్నం మీరు రాయండి, ఫలితం ఎదుటివాళ్లని రాయనివ్వండి. 'అతని భుజం మీదకి కత్తి విసిరింది' సరే. 'అతని చెయ్యి తెగిపడింది' అంటే అది గాడ్‌మోడింగ్, ఆ చెయ్యి మీది కాదు. దీని తోబుట్టువు మెటాగేమింగ్: మీకు తెలిసిందల్లా మీ పాత్రకీ తెలిసినట్టు నడవడం. ఆట ప్రతి పాత్ర తల మీదా పేరు చూపిస్తుంది కనుక కొత్తవాళ్లు మొదటి రోజే పరిచయం లేని మనిషిని పేరు పెట్టి పిలిచేస్తారు. కోప్పడకండి, పాత్ర బయట ఒక ముక్క చెబితే చాలు. పాత్ర బయటి మాటని రెండు బ్రాకెట్ల మధ్య రాయడం ఆనవాయితీ, ((ఫోన్ మోగుతోంది, ఐదు నిమిషాలు)) ఇలా.

వార్‌క్రాఫ్ట్‌లో టోటల్ ఆర్‌పీ 3, మైరోల్‌ప్లే లాంటి యాడాన్లు (ఆటకి విడిగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) పాత్ర వివరాలు రాసుకోవడానికి పనికొస్తాయి. అవి ఉన్నవాళ్లకే ఆ రాత కనబడుతుంది. మీ పాత్రకి చెయ్యి లేదన్న సంగతి అక్కడ మాత్రమే రాస్తే, యాడాన్ లేనివాడు వచ్చి రెండు చేతులూ పట్టుకుంటాడు. కంటికి కనబడేదే రాయండి: ఎత్తు, గాయం మచ్చ, బట్టల తీరు. 'చూడగానే ఎవరికైనా వణుకు పుడుతుంది' అని రాయకండి, వణకాలో నవ్వాలో చూసినవాళ్లిష్టం. పాత్ర గతమంతా అక్కడ పరిచేస్తే ఇంక అడిగి తెలుసుకోవడానికి ఏం మిగులుతుంది?

కథ తయారుచేసేటప్పుడు ముగింపు రాసుకోకండి. ఒక చోటు, ఒక చిక్కు, ఆ చిక్కులో తలో రకంగా లాభపడే ముగ్గురు మనుషులు, ఇంత చాలు. ఆటగాళ్లకి తప్పక తెలియాల్సిన సంగతి ఏదైనా ఉంటే దానికి కనీసం మూడు ఆధారాలు మూడు చోట్ల పెట్టండి. ఒకటి చూడరు, ఒకటి చూసినా తప్పుగా అర్థం చేసుకుంటారు. మీ సొంత పాత్ర ఆ పూట గుర్రాల్ని కాస్తూ బయట నిలబడాలి. చిక్కుముడి వేసినవాళ్లే విప్పేస్తే వచ్చినవాళ్లకి పనేముంది? రెండో నెల నుంచి కథ చెప్పే వంతు వేరేవాళ్లకివ్వండి, నెలకి ఒక సాయంత్రమైనా. వాళ్లు తడబడతారు, పడనివ్వండి. అన్ని వారాలూ ఒక్కరే చెబితే ఆ ఒక్కరూ విసిగిపోయిన రోజున గిల్డ్ కూడా ఆగిపోతుంది.

కొంచెం గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. గిల్డ్‌లో ఎవరి వయసెంతో మీకు కచ్చితంగా తెలియదు. 18 నిండనివాళ్లు ఉన్న గిల్డ్‌లో శృంగార సన్నివేశాలు వద్దు, పరదా వేసి కూడా వద్దు. అసలు పేరు, బడి, ఫోన్ నంబరు, ఫొటో ఎవరు అడిగినా ఇవ్వకండి, మీరూ అడగకండి. గిల్డ్ వాళ్లు ఆట బయట కబుర్లకి వాడే డిస్కార్డ్ యాప్‌కి కనీసం 13 ఏళ్లు నిండాలి. ఎవరైనా పెద్దవాళ్లు ఒక పిల్లనో పిల్లాణ్నో పదేపదే విడిగా పిలుస్తుంటే, 'ఇది మన మధ్యే ఉండాలి' అంటుంటే, ఆ సంభాషణ స్క్రీన్‌షాట్ తీసి ఆట యాజమాన్యానికి రిపోర్ట్ చేయండి, ఇంట్లో పెద్దవాళ్లకీ చూపించండి. అతను గిల్డ్‌లో ఎంత బాగా ఆడే మనిషైనా సరే. ఎవరైనా సరే కారణం చెప్పకుండా సన్నివేశం ఆపేయగలిగే ఒక మాట ముందే అనుకోండి. ఆ మాట వినబడ్డాక 'ఎందుకు' అని అడగకూడదు.

గొడవలు వస్తాయి. కథలో తిట్టుకున్న ఇద్దరు బయట కూడా మాట్లాడుకోవడం మానేస్తే, ఇద్దరినీ విడివిడిగా పిలిచి అడగండి, అందరి ముందూ వద్దు. ఎవరినైనా తీసేయాల్సి వస్తే ఇద్దరు అధికారులు కలిసి మాట్లాడండి, ఏ రోజు ఏ మాట నియమం దాటిందో చూపించండి. 'నీ తీరు బాగోలేదు' అంటే అది వాదనకి పిలుపే. తీసేశాక గిల్డ్‌కి ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకోండి.

పరీక్షలొస్తాయి కదా, అప్పటి సంగతి. 'మళ్లీ వస్తాను' అని నాయకత్వం పట్టుకుని వెళ్లిపోకండి. వెళ్లే ముందే ఆటలో నాయకత్వాన్ని మరొకరికి బదిలీ చేయండి, డిస్కార్డ్‌లో మీ గిల్డ్ గ్రూపు యజమాని హోదా కూడా. ఈ రెండోది అందరూ మరిచిపోతారు. కథ ఎక్కడాగిందో, ఎవరికి ఏ రహస్యం తెలుసో ఒక పేజీ రాసి అప్పగించండి. ఫైనల్ ఫాంటసీ 14లో ఫ్రీ కంపెనీకి ఇల్లుంటే ఇంకో జాగ్రత్త: మామూలుగా 45 రోజుల పాటు సభ్యులెవరూ లోపల అడుగుపెట్టకపోతే ఆ ఇంటిని ఆటే తీసేసుకుంటుంది. నెలకి ఒకసారి లోపలికి వెళ్లి వచ్చే బాధ్యత ఎవరిదో పేరు పెట్టి అప్పగించి, ఆ తర్వాత పుస్తకాలు తెరవండి.

ఉంటాను.
మీ పెద్దమ్మ