పాత కారుకి వేరే ఇంజన్: అపోహలు - వాస్తవాలు

వేరే ఇంజన్ పెట్టించుకోడానికి నా దగ్గరికి పాత కారు తీసుకొచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇంజన్ పేరు ముందే ఖాయం చేసుకుని వస్తారు. "ఎల్ఎస్ పెట్టేద్దాం" (జనరల్ మోటార్స్ వీ8 ఇంజన్ల వరుస) అంటారు, లేదా "స్నేహితుడి దగ్గర ఒక వీ8 (V ఆకారంలో ఎనిమిది సిలిండర్ల ఇంజన్) ఉంది, తెచ్చేయనా?" అంటారు. నేను మొదట అడిగేది వెనక ఇరుసు హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ రేషియో ఎంత అని, అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలి అని. చాలామందికి ఆ ప్రశ్న నచ్చదు. ఇంజన్ గురించి మాట్లాడదామని వస్తే ఈయన వెనక్కి పోతాడేమిటి అన్నట్టు చూస్తారు. కానీ నేను ఈ పని నేర్చుకున్నది వెనక చక్రాల నుంచి ముందుకు లెక్క వేస్తూనే.

అపోహ: బానెట్ మూతపడితే ఇంజన్ పట్టినట్టే

టేపు పెట్టి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి "పడుతుంది" అనేస్తారు. పైభాగం ఎలాగో సర్దుకుంటుంది. తంటా అంతా కిందే. ఆయిల్ సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోతైన గుంత కొన్ని ఇంజన్లకి ముందువైపు ఉంటుంది, కొన్నింటికి వెనకవైపు. మీ కారు క్రాస్‌మెంబరో (ఛాసిస్‌కి అడ్డంగా ఉండే దూలం), స్టీరింగ్ రాడ్లో సరిగ్గా ఆ గుంత కిందికి వస్తే ఇంజన్ దిగదు. పైకి లేపితే బానెట్‌కి తగులుతుంది, వెనక్కి జరిపితే ఫైర్‌వాల్ (ఇంజన్‌కి, లోపల కూర్చునేవాళ్లకి మధ్య ఉండే రేకు గోడ) కోయాల్సి వస్తుంది.

ఫోర్డ్ 302నే చూడండి. 1960ల మస్టాంగ్‌లో దాని సంప్ గుంత ముందువైపు ఉండేది. 1979లో వచ్చిన ఫాక్స్ బాడీ మస్టాంగ్‌లో అదే ఇంజన్‌కి రెండు గుంతల సంప్ పెట్టారు. అంటే ఇంజన్ పేరు ఒక్కటే చూసి కొంటే లాభం లేదు, కింద ఏ సంప్ ఉందో వంగి చూడాలి. సంప్ మార్చుకోవచ్చు, నిజమే. దాంతోపాటు ఆయిల్ పంపు పికప్ పైపు (సంప్‌లోంచి ఆయిల్ పీల్చే గొట్టం), డిప్‌స్టిక్ కూడా ఆ సంప్‌కి తగినవే మారాలి. పికప్ నోరు గుంత అడుగుకి అందకపోతే, గట్టి మలుపులో ఆయిల్ పక్కకి పోగానే పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు పొడిగా తిరుగుతాయి. ఆ ఇంజన్ చప్పుడు ఒకసారి వింటే మళ్లీ మరచిపోరు.

సంప్ తర్వాత ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, స్టీరింగ్ షాఫ్ట్ గొడవ. రెండూ ఒకే సందులోంచి పోవాలంటాయి. అందుకే నా దగ్గర లోపల ఏమీ లేని ఖాళీ బ్లాకు, ఖాళీ గేర్‌బాక్స్ పెంకు ఉంటాయి. వాటిని వేలాడదీసి, మానిఫోల్డు బిగించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూశాకే మౌంటింగులకి వెల్డింగ్ పెడతాను.

అపోహ: ఒకే కంపెనీవైతే ఇంజన్, గేర్‌బాక్స్ కలిసిపోతాయి

బోల్టు రంధ్రాలు కలవడం వేరు, పని చేయడం వేరు. షెవర్లే స్మాల్ బ్లాక్ 1955లో వచ్చింది. 1997లో కార్వెట్‌తో వచ్చిన ఎల్ఎస్1 దాని వారసుడే. బెల్ హౌసింగ్ (ఇంజన్‌ని గేర్‌బాక్స్‌తో కలిపే గంట ఆకారపు కవరు) రంధ్రాల అమరిక దాదాపు ఒకటే కాబట్టి పాత టీహెచ్350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బిగించవచ్చు. కానీ ఎక్కువ ఎల్ఎస్ ఇంజన్లలో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) వెనక అంచు పాతదానికంటే సుమారు 0.4 అంగుళాలు లోపలికి ఉంటుంది. మధ్యలో స్పేసర్ వేయకుండా బిగిస్తే టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ పని చేసే భాగం) క్రాంక్‌లో సరిగా కూర్చోదు. బయటికి అంతా బాగానే కనిపిస్తుంది, గేర్‌బాక్స్ ముందు పంపు మాత్రం నలిగిపోతుంది.

మళ్లీ ఫోర్డ్ 302 దగ్గరికే వద్దాం. 1980 వరకు వచ్చిన వాటి ఫ్లైవీల్ (క్రాంక్ వెనక బిగించే బరువు చక్రం) బ్యాలెన్స్, అంటే క్రాంక్ సరితూగడానికి కావాలని ఒక పక్కకి పెట్టే బరువు లెక్క, 28 ఔన్స్-అంగుళాలు, ఆ తర్వాత వచ్చిన వాటిది 50. చూడ్డానికి ఫ్లైవీల్ ఫ్లైవీల్ లాగే ఉంటుంది. ఒకదానిది ఇంకోదానికి వేస్తే ఇంజన్ వణుకుతూనే ఉంటుంది. కొత్తలో నేను ఇలాంటి ఒక వణుకుకి రెండు వారాలు మౌంటింగులు, ప్లగ్గులు, కార్బురేటర్ అన్నీ మార్చాను. చివరికి గేర్‌బాక్స్ దించి ఫ్లైవీల్ చూశాక సిగ్గేసింది. అప్పటినుంచి కొనేవాళ్లకి ఒకటే చెబుతున్నాను: ఇంజన్, ఫ్లైవీల్, ముందు పుల్లీ, గేర్‌బాక్స్, వైరింగ్, కంప్యూటర్ అన్నీ ఒకే బండిలోంచి తీసినవి తెచ్చుకోండి. విడివిడిగా చవగ్గా దొరికినవి పోగేస్తే, అలా మిగిలిన డబ్బు వాటిని సరిపెట్టడానికే ఖర్చయిపోతుంది.

అపోహ: పవర్ పెరిగితే చాలు, మిగతాది తర్వాత చూసుకోవచ్చు

ఇక్కడే హౌసింగ్ సంగతి. పాత ఇంజన్ టార్క్ 120 న్యూటన్ మీటర్లు అనుకోండి. ఫస్ట్ గేర్ 3.3, క్రౌన్ పినియన్ 4.1 అయితే వెనక ఇరుసులకి చేరేది సుమారు 1,600. కొత్త ఇంజన్ 300 ఇస్తే అదే గేర్లలో 4,000 దాటుతుంది. ఆ హౌసింగ్ చేసినవాళ్లు కలలో కూడా అనుకోని లెక్క అది. టైరు జారితే బతికిపోతారు. మంచి గ్రిప్ ఉన్న టైర్లు వేశారా, ఇరుసు తెగుతుంది.

రేషియో తప్పినా బండి చెడుతుంది. టైరు చుట్టుకొలత 2 మీటర్లయితే గంటకి 100 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి సుమారు 833 సార్లు తిరుగుతుంది. 4.1 క్రౌన్ పినియన్‌తో, డైరెక్ట్ టాప్ గేర్లో (ఇంజన్ ఒక చుట్టుకి షాఫ్ట్ ఒక చుట్టు) ఇంజన్ నిమిషానికి 3,400 చుట్ల దగ్గర అరుస్తూ ఉంటుంది. పెద్ద ఇంజన్‌కి అది అనవసరం. 0.7 ఓవర్‌డ్రైవ్ (షాఫ్ట్ ఒక చుట్టుకి ఇంజన్ 0.7 చుట్టే తిరిగే గేరు) ఉన్న ఐదు గేర్ల బాక్సు పెడితే 2,400కి దిగుతుంది, హాయిగా ఉంటుంది. అలా కాక హౌసింగ్ కూడా 3.08కి మార్చి, పైగా ఓవర్‌డ్రైవ్ కూడా పెట్టారనుకోండి, 1,800కి పడిపోతుంది. పొడవైన క్యామ్ (వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచేది) ఉన్న ఇంజన్ అక్కడ లాగదు, గునుస్తుంది. రెండిట్లో ఏదో ఒకటి మారిస్తే చాలు.

మీ రేషియో తెలియదా? న్యూట్రల్‌లో పెట్టి, వెనక ఒక చక్రాన్ని నేల మీదే ఉంచి, రెండోదాన్ని లేపి సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఆలోగా ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక హౌసింగ్‌కి వచ్చే పొడవాటి షాఫ్ట్) ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ రేషియో. రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మామూలు డిఫరెన్షియల్ అయితేనే ఇది పని చేస్తుంది.

అపోహ: వీ8 పెడితే ముక్కు బరువెక్కి కారు తిరగదు

ఇంజన్ ఇనుముదా, అల్యూమినియందా అన్నది ముందు చూడాలి. 1973 నుంచి 1976 వరకు బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ జీటీలో ఫ్యాక్టరీయే 3.5 లీటర్ల రోవర్ వీ8 పెట్టింది. బ్యూక్ 1961లో తెచ్చిన అల్యూమినియం ఇంజన్ డిజైన్‌ని రోవర్ కొనుక్కుని తయారుచేసింది అది. ఎంజీబీ మామూలు నాలుగు సిలిండర్ల ఇనుప ఇంజన్ కంటే ఈ వీ8 కాస్త తేలిక. అంతకుముందు అదే బాడీలో ఇనుప ఆరు సిలిండర్లతో వచ్చిన ఎంజీసీనే ముక్కు బరువని తిట్లు తిన్నది. ఇంకో సంగతి గమనించారా, ఆ వీ8 కారులో ఫ్యాక్టరీవాళ్లు క్రౌన్ పినియన్‌ని కూడా 3.9 నుంచి 3.07కి మార్చారు.

అపోహ: ప్రొపెల్లర్ షాఫ్ట్ తిన్నగా ఉంటే మంచిది

పొడవు తగ్గించి వెల్డింగ్, బ్యాలెన్స్ చేయిస్తే అయిపోయిందనుకుంటారు. షాఫ్ట్ చివర్లలో వంగే క్రాస్ జాయింట్ అసలు వంపే లేకుండా తిరిగితే లోపలి సూది బేరింగులు కదలవు, ఒకే చోట ఒత్తిడి పడి గాట్లు పడతాయి. ఒక్కో జాయింట్‌కి 1 నుంచి 3 డిగ్రీల వంపు కావాలి, ముందు వెనక వంపులు సమానంగా ఉండాలి. గేర్‌బాక్స్ వెనక భాగం, పినియన్ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే ఆ సమానం వస్తుంది. ఇంజన్ దిగలేదని వెనక్కి వంచి బిగించినప్పుడే ఇది తప్పుతుంది.

అపోహ: వేడెక్కితే పెద్ద రేడియేటర్ వేస్తే సరి

ట్రాఫిక్‌లో వేడెక్కి, వేగంగా వెళ్తుంటే చల్లబడుతోందంటే రేడియేటర్ తప్పు కాదు, గాలి అందడం లేదు. ఫ్యాన్‌కి చుట్టూ కవరు ఉందో లేదో చూడండి. వేగంలోనే వేడెక్కుతుంటే ముందు రేడియేటర్‌నే అనుమానించాలి.

అపోహ: కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ పెడితే వైరింగ్ ఒక్కటే టెన్షన్

వైరింగ్ కంటే నాకు పెట్రోల్ ట్యాంకే టెన్షన్. కార్బురేటర్‌కి 4 నుంచి 7 పీఎస్ఐ పెట్రోల్ ఒత్తిడి సరిపోతుంది, ఎల్ఎస్‌కి 58 దాకా కావాలి. పాత రబ్బరు పైపులు ఆ ఒత్తిడికి ఆగవు. పాత ట్యాంకుల్లో అడ్డుగోడలు ఉండవు కాబట్టి సగం కంటే తక్కువ పెట్రోల్ ఉన్నప్పుడు మలుపులో పంపు గాలి లాగుతుంది, ఇంజన్ దగ్గుతుంది. కార్బురేటర్ అయితే తొట్టెలో ఉన్న పెట్రోల్‌తో ఆ రెండు సెకన్లు నెట్టుకొస్తుంది. ఇంజెక్షన్‌కి ఆ వెసులుబాటు లేదు.

అపోహ: పాత ఇంజన్ ఇప్పటి పెట్రోల్‌కి పనికిరాదు, కాబట్టి మార్చాల్సిందే

సీసం కలిపిన పెట్రోల్ ఉన్న రోజుల్లో చాలా ఇంజన్ల ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు మెత్తగా ఉండేవి. సీసం పోయాక అవి అరుగుతాయి, నిజమే. హెడ్ విప్పి గట్టి సీట్లు వేయిస్తే ఆ సమస్య తీరుతుంది. కార్బురేటర్‌లో రబ్బరు ముక్కలు, పెట్రోల్ పైపులు ఇథనాల్‌ని తట్టుకునేవి వేయాలి, అంతే. అందుకే ఎవరొచ్చినా ముందు ప్లగ్గులు తీసి కంప్రెషన్ గేజి పెడతాను. నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా చూపించి, ఆయిల్ ప్రెషర్ కూడా బాగుంటే, హెడ్ పని చేయించుకుని, ఐదు గేర్ల బాక్సు ఒక్కటి మార్చుకుని వెళ్లమంటాను.