కరువు జిల్లాలో నీటి గండం: అపోహలు - వాస్తవాలు

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మురిసిపోయే జిల్లా మాది. "మేడమ్, అనంతపురంలో పిల్లోళ్లు నీళ్లలో ఎట్ల మునుగుతారు? ఇదేమన్నా కోనసీమా?" అని అడుగుతుంటారు. పిల్లల డాక్టరుగా నేను వినే అపోహల్లో పెద్దది ఇదే.

నీళ్లు కరువైన చోటే ఇంట్లో నిలవ నీళ్లు ఎక్కువ. కొళాయి రోజు విడిచి రోజు వస్తే డ్రమ్ము, తొట్టి, సంపు, బక్కెట్లు అన్నీ నింపుకుంటాం. నీళ్లొచ్చే ఆ గంటంటేనే నాకు భయం. అమ్మ పైపు పట్టుకొని ఉంటుంది, అవ్వ బిందెలు మారుస్తుంటుంది, సంపు మూత తీసి ఉంటుంది. కొత్తగా నడక వచ్చిన బిడ్డ ఎక్కడున్నాడో ఎవరూ చూడరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వాళ్లలో దాదాపు నలుగురికొకరు అయిదేళ్లు నిండని పిల్లలు.

అపోహ: బక్కెట్టు నీళ్లకు ఏమవుతుంది?

ముక్కూ నోరూ మునిగితే చాలు. పసిబిడ్డకు ఒంటితో పోలిస్తే తల బరువు. తొంగిచూస్తే తలే ముందు పడుతుంది, చేతులకేమో పైకి లేచే బలముండదు. 20 లీటర్ల బక్కెట్టు సగం నిండితే 10 కిలోలు. ఏడాది బిడ్డ బరువూ ఇంచుమించు అంతే. అందుకే బక్కెట్టు ఒరగదు, నీళ్లు ఒలికిపోవు. స్నానం కాగానే బోర్లించేయండి.

అపోహ: పడితే ఏడుపు వినిపిస్తుంది.

ఊపిరాడని బిడ్డ ఏడవలేడు. ఇల్లు సద్దుమణిగి, పిల్లోడు కనబడకపోతే మంచం కింద వెతకడం తర్వాత. ముందు డ్రమ్ము, సంపు, బాత్రూం చూడండి.

అపోహ: ఇంటినిండా మనుషులున్నారు కదా.

పెళ్లిళ్లలో, తిరునాళ్లలో జరిగేది సరిగ్గా ఇదే. ఒక్కరికి అప్పజెప్పండి: "అక్కా, పదింటిదాకా వీడు నీ లెక్క." ఆ అక్క చేతిలో ఫోను ఉండకూడదు.

అపోహ: మూత పెట్టే ఉంది.

రేకు ముక్క మూత కాదు. పిల్లోడు ఎక్కితే జారుతుంది. సంపుకు గడియ, తాళం ఉన్న ఇనుప మూత వేయించండి. డ్రమ్ముకు బిగించే మూత ఉండాలి, దాని పక్కన స్టూలు గానీ బోర్లించిన బక్కెట్టు గానీ ఉండొద్దు. అది మెట్టవుతుంది. జాతకంలో నీటి గండముందని ఒకామె బిడ్డకు తాయెత్తు కట్టించుకొచ్చింది. తీయమనలేదు, డ్రమ్ము మూత సంగతి మాత్రం అడిగాను.

తోటలో కాపురముండేవాళ్లకు ఇంకోమాట. ప్లాస్టిక్ షీటు పరిచిన సేద్యపు కుంటలో కాలు జారితే పెద్దోళ్లే ఎక్కలేరు. చుట్టూ కంచె వేయండి, లోపలికి ముడులేసిన తాడు వేలాడదీయండి.

అపోహ: తలకిందులు చేసి, పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలి.

ప్రాణం తీసే ఆలస్యమిది. ఊపిరితిత్తుల్లోకి పోయే నీళ్లు సాధారణంగా కొంచెమే. పొట్ట నొక్కితే వాంతయి అదీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఉప్పు కుప్పలో పడుకోబెడితే లేస్తాడనే వాట్సాప్ మెసేజీ పచ్చి అబద్ధం.

మెదడు గాలి లేకుండా తట్టుకునేది కొన్ని నిమిషాలే. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు మొదలుపెట్టాలి. బిడ్డను గట్టి నేలమీద పడుకోబెట్టి, ఊపిరి లేకుంటే గడ్డం కొద్దిగా ఎత్తి, ముక్కు మూసి, నోట్లోకి 5 సార్లు ఊదండి. ఏడాది లోపు బిడ్డకైతే నోరూ ముక్కూ కలిపి మీ నోటితో మూయండి. ఛాతీ లేవడం కనబడాలి. తర్వాత ఛాతీ మధ్యలో, దాని మందంలో మూడో వంతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదండి. పసికందుకైతే రెండు చేతులతో ఛాతీని చుట్టి పట్టుకొని, రెండు బొటనవేళ్లతో నొక్కండి. అంబులెన్సు వచ్చేదాకా, లేదా బిడ్డ ఊపిరి తీసేదాకా ఆపొద్దు.

అపోహ: తేరుకున్నాడు, ఇంక ఆసుపత్రెందుకు?

నవ్వుతున్నా తీసుకురండి. దగ్గు, ఎగశ్వాస, మగత కొన్ని గంటల తర్వాత మొదలవచ్చు. ఆ రాత్రి మేం పెట్టుకుంటామంటే "బాగానే ఉన్నాడు కదా మేడమ్" అని సంతకం పెట్టి తీసుకుపోవద్దు.