"అంతా యాక్టింగే కదా": రే మిస్టీరియో మీద అపోహలు, వాస్తవాలు

2024 డిసెంబర్‌లో ఒకరోజు పొద్దున లేచి ఫోన్ చూస్తే మా కజిన్ల వాట్సాప్ గ్రూపు నిండా "రే మిస్టీరియో చనిపోయాడట" అని మెసేజ్‌లు, చిన్నప్పటి ట్రంప్ కార్డుల ఫోటోలు. రే మిస్టీరియో అంటే డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా టీవీ కుస్తీ షోలో మాస్కుతో కనిపించే రెజ్లర్. చనిపోయింది ఆయన కాదు. ఆయన అంకుల్, గురువు కూడా అయిన రే మిస్టీరియో సీనియర్. మనం టీవీలో చూసే చిన్న రే మిస్టీరియోకి ఆ పేరు ఇచ్చింది ఆ పెద్దాయనే. ఒక్క నిమిషం వెతికితే తెలిసే సంగతి ఇది, ఫార్వర్డ్ చేసే ముందు దయచేసి ఆ నిమిషం ఆగండి. ఇప్పటికీ ఎవరో ఒకరు "ఆయన లేడు కదా" అంటూనే ఉన్నారు.

నేను శాన్ డియాగోలో ఫిజియోథెరపిస్టుని. సరిహద్దు దాటితే మెక్సికోలోని టిహువానా. రెండు వైపులా చిన్న చిన్న షోలలో మాస్కు కట్టుకుని కుస్తీ పట్టే కుర్రాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. మెడ, భుజం, మోకాలు, మళ్లీ మోకాలు. మనవాళ్లు కూడా ఫోన్లు చేస్తారు, ఎక్కువగా పిల్లల అమ్మానాన్నలు. అందరి నోటా ఒకటే మాట: "అంతా యాక్టింగే కదండీ, దెబ్బలెందుకు తగుల్తాయి?"

ఈ అపోహే అన్నిటికంటే ప్రమాదం.

ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు, నిజమే. గుద్దులు చాలావరకు ఆపి కొడతారు, అదీ నిజమే. కానీ పై తాడు మీద నుంచి దూకిన మనిషి నేలమీద పడటం అబద్ధం కాదు. రింగ్ అంటే పరుపు అనుకుంటారు చాలామంది. స్టీలు ఫ్రేము, దానిమీద చెక్క పలకలు, వాటిమీద పల్చటి ఫోమ్, పైన బిగించి కట్టిన కాన్వాసు, అంతే. అందుకే కుస్తీ స్కూల్లో మొదట నేర్పేది పడటం, వారాల తరబడి అదే నేర్పుతారు. గడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి వదిలేసి, వీపు పైభాగం మొత్తం ఒకేసారి నేలకి తగిలేలా పడాలి, చేతులు రెండూ నేలకి చరచాలి. తలో మోచెయ్యో ముందు తగిలితే ఆ రోజుకి ప్రాక్టీసు ఆగిపోయి మా క్లినిక్ గుర్తొస్తుంది.

రే మిస్టీరియో 1989లో, పద్నాలుగేళ్ల వయసులో టిహువానాలో మొదటి మ్యాచ్ ఆడాడు. అంతకుముందు ఆ అంకుల్ దగ్గరే శిక్షణ. మొదట్లో ఆయన పేరు "పచ్చ బల్లి", తర్వాత కొన్నాళ్లు హమ్మింగ్‌బర్డ్. 1992లో మెక్సికోలోని ఏఏఏ అనే కుస్తీ కంపెనీలో, 1995లో అమెరికాలో ఈసీడబ్ల్యూ అనే కంపెనీలో, ఆ తర్వాత ఏడాది అక్కడే డబ్ల్యూసీడబ్ల్యూ అనే ఇంకో కంపెనీలో. ఇన్నేళ్లు గాల్లో ఎగిరినందుకు మోకాలికి ఎన్నో సర్జరీలు, ఏళ్ల తరబడి బ్రేసు. ఆ బ్రేసు కాస్ట్యూమ్‌లో భాగం అనుకుంటారు కొందరు. కాదండీ, దాని కింద ఉన్నది కోసి కుట్టిన మోకాలు.

"యాక్టింగే" అనే నమ్మకంతో ఇంకో పెద్ద చిక్కుంది. నిజంగా దెబ్బ తగిలినప్పుడు సాయానికి ఎవరూ కదలరు. 2015 మార్చి 20 రాత్రి టిహువానాలో రే మిస్టీరియోతో మ్యాచ్‌లో పెర్రో అగ్వాయో జూనియర్ అనే మెక్సికో రెజ్లర్ తాడు మీద వాలిపోయాడు. మెడ పూసలు విరిగాయి. చుట్టూ ఉన్నవాళ్లు పాత్రలోనే ఉన్నాడనుకున్నారు, మ్యాచ్ ఇంకాసేపు సాగింది. 35 ఏళ్ల మనిషి. తెల్లారకుండానే పోయాడు. ఇది ఎవరి తప్పూ కాదు, ప్రమాదం. ఎన్నోసార్లు చేసిన కదలికే అది. 2019 అక్టోబర్‌లో మెక్సికోలోని మోంటెర్రేలో లా పార్కా అనే ఇంకో రెజ్లర్ రింగ్ బయటికి దూకుతూ తాడుకి కాలు తగిలి పడ్డాడు. 2020 జనవరిలో చనిపోయాడు. వీళ్లు దశాబ్దాలు పడటం నేర్చుకున్నవాళ్లు.

ఇది చదివినప్పుడల్లా నాకు మా గుంటూరు ఇల్లు గుర్తొస్తుంది. వేసవి సెలవులు, వరండాలో దివాన్ మంచం, దానిమీద నుంచి కింద పరిచిన బొంత మీదకి దూకుడు. మా పిన్ని కొడుకు, వాడికి తొమ్మిదేళ్లు, తలకిందులుగా పడ్డాడు. లేవలేదు. మేం ఐదుగురం నవ్వుతూ టీవీలో రిఫరీలా "వన్, టూ, త్రీ" లెక్కపెట్టాం. తర్వాత చెరో చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టాం. వాడు ఏడవలేదు, "చెయ్యి తెలీట్లేదురా" అన్నాడు. ఆ మాట ఇవాళ నా ముందు ఎవరన్నా అంటే నేను వాళ్లని వేలితో కూడా కదిలించను. ఆ రోజు వాడికి ఏమీ కాలేదు, సాయంత్రానికి తిమ్మిరి పోయింది. అది వాడి అదృష్టం, మేం చేసిన మంచి ఏమీ లేదు.

కాబట్టి ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. మెడ మీద పడ్డ పిల్లాడు లేవకపోయినా, మెడ నొప్పి అన్నా, చేతులు కాళ్లు తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుంది, బలం లేదు అన్నా లేపకండి. కూర్చోబెట్టకండి, మంచినీళ్లు పట్టకండి, మెడ తిప్పి "సరిచేయకండి". ఉన్నచోటే తల కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి. ఇద్దరి మధ్య కూర్చోబెట్టి బండి మీద హాస్పిటల్‌కి తీసుకెళ్లటం మన దగ్గర చాలా చూశాను. ప్రేమతోనే చేస్తారు, కానీ పగిలిన పూస ఆ కుదుపుకే జరగొచ్చు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఆయన పేరుమోసిన దెబ్బకి పెట్టిన 619 అనే పేరు రహస్య కోడ్ కాదు, శాన్ డియాగో టెలిఫోన్ ఏరియా కోడ్. ఆయన పుట్టింది కూడా ఇక్కడే, చూలా విస్టాలో. పొట్టివాళ్లు పైకి రాలేరన్నది తప్పు. 5 అడుగుల 6 అంగుళాల మనిషి 2006లో రాయల్ రంబుల్‌లో, అంటే ఒక్కొక్కరుగా రింగులోకి వచ్చి చివరిదాకా మిగిలినవాడు గెలిచే పోటీలో, రెండో నంబర్‌గా వచ్చి, గంటకు పైగా నిలబడి గెలిచాడు, ఆ ఏడాదే వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ కూడా అయ్యాడు.

మాస్కు సంగతి వేరు. "ముఖం బాగోదేమో, అందుకే దాచుకున్నాడు" అనే మాట వింటే నాకు కోపం వస్తుంది. మెక్సికో కుస్తీలో మాస్కు అంటే మనిషి పరువు. 1942లో వెండి మాస్కుతో రింగులోకి వచ్చిన మెక్సికో రెజ్లర్ ఎల్ సాంతో 1984లో చనిపోవటానికి కొద్ది రోజుల ముందు టీవీలో కాస్త పైకెత్తి ముఖం చూపించాడు, అది కూడా పూర్తిగా కాదు. ఆ మాస్కుతోనే ఖననం చేశారు. అక్కడ పందెంలో మాస్కు ఓడిపోతే ఆనవాయితీ ప్రకారం మళ్లీ పెట్టుకోకూడదు. 1999 ఫిబ్రవరిలో అమెరికా కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ కోసం మిస్టీరియో మాస్కు పోగొట్టుకోవాల్సి వచ్చింది, అది తనకి ఇష్టం లేదని తర్వాత ఆయనే చెప్పాడు. 2002లో డబ్ల్యూడబ్ల్యూఈకి మళ్లీ మాస్కుతో వచ్చాడు. మనవాళ్లు చూసింది అక్కడి నుంచే కాబట్టి ఈ మధ్య కథ చాలామందికి తెలీదు.

పోయిన నెల ఒంగోలు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు, మా అక్క స్నేహితురాలు. పదేళ్ల బాబు సోఫా మీద నుంచి దూకుతున్నాడు, వాళ్లాయనేమో "డ్రామాలే, ఏం కాదు" అంటున్నారు, ఆవిడకి రాత్రిళ్లు నిద్ర లేదు. టీవీ కట్టేయనా అని అడిగారు. వద్దమ్మా అన్నాను. ఎత్తు మీద నుంచి దూకటం, ఒకరి మెడ ఇంకొకరు పట్టటం, ఒకర్ని ఒకరు ఎత్తి పడేయటం, ఈ మూడూ లేవని చెప్పండి. 2015లో టిహువానాలో ఏం జరిగిందో వాడికి అర్థమయ్యేలా వాళ్ల నాన్ననే చెప్పమనండి. మాస్కు మాత్రం పెట్టుకోనివ్వండి, కళ్లకి అడ్డం రాకుండా, వెనక తాడు గట్టిగా బిగించకుండా.

మొన్న ఫోటో పంపారు. ఆవిడ పాత జాకెట్టు గుడ్డతో కుట్టిన నీలం మాస్కు, నుదుటి మీద తెల్ల సిలువ. వాడు నేలమీద కూర్చుని అన్నం తింటున్నాడు.