నాటిక పోస్టులో పోయేది, ఇప్పుడు మనిషే పోవాలె

హన్మకొండలో డిగ్రీ అయిపోయి, కాస్త కథలు రాసే చెయ్యి ఉన్న పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: "సీరియల్‌కు రాయాలంటే ఎవర్ని కలవాలె అన్నా?" ఎక్కడికి పంపాలని మాత్రం ఎవరూ అడగరు. పంపడానికి చోటు లేదని వాళ్లకు ముందే తెలుసు. ఒకప్పుడు ఆ చోటుకు పిన్‌కోడ్‌తో సహా చిరునామా ఉండేది. అది ఎవరిదో ఫోన్ నంబరుగా ఎలా మారిందో చూస్తే, ఈ ప్రాంతం నుంచి పాటల రచయితలు పేరు తెచ్చుకున్నంతగా సీరియల్ రచయితలు ఎందుకు తెచ్చుకోలేదో కూడా కొంత తెలుస్తుంది.

చిరునామా ఉన్న రోజుల్లో ముందు చెప్పుకోవాల్సింది రేడియో. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఆదిలాబాద్ కేంద్రం 1986లో, వరంగల్ కేంద్రం 1990లో మొదలయ్యాయి. అరగంట నాటిక రాసి, కాగితానికి ఒకవైపే, పక్కన మార్జిన్ వదిలి, కవరు మీద 'నాటక విభాగం, ఆకాశవాణి' అని రాసి డబ్బాలో వేస్తే చాలు. నచ్చితే కాంట్రాక్టు కాగితం ఇంటికి వచ్చేది. వారపత్రికలదీ అదే పద్ధతి. పోటీ ప్రకటనల చివర "తిప్పి పంపడానికి తగినన్ని స్టాంపులు అంటించిన, సొంత చిరునామా రాసిన కవరు జతచేయాలి" అని ఒక వాక్యం ఉండేది. కథ తిరిగొస్తే రెండు రోజులు బాధ, మూడో రోజు అదే కథ ఇంకో పత్రికకు. ఆ బాధ పడటానికి పరకాల నుంచో హుజూరాబాద్ నుంచో బస్సెక్కే పనుండేది కాదు.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. 1984లో ఢిల్లీ నుంచి వచ్చిన 'హమ్ లోగ్' తర్వాత స్పాన్సర్లతో సీరియళ్లు తీయడం దేశమంతటా పాకింది. దూరదర్శన్‌లో 13 ఎపిసోడ్‌ల లెక్క నడిచేది. వారానికొకటి చొప్పున 13 వారాలు, అంటే మూడు నెలలు. నిర్మాత ముందు కథ, స్క్రిప్టు కాగితం మీద చూపించి, అనుమతి వచ్చాక కెమెరా తెరవాలి. పైరవీలు లేవని నేననను, దూరదర్శన్ కారిడార్ల గురించి కథలు కథలుగా చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ పైరవీ చేసేవాడికైనా చేతిలో స్క్రిప్టు అనే వస్తువు ఉండాల్సి వచ్చేది, దానికి మొదలూ తుదీ ఉండాల్సి వచ్చేది.

1995లో ఆ అవసరం తీరిపోవడం మొదలైంది. ఫిబ్రవరిలో జెమిని, ఆగస్టు 27న ఈటీవీ వచ్చాయి. మొదట్లో వారానికో భాగం వచ్చే సీరియళ్లు, నవలల నుంచి తీసుకున్న కథలు కనిపించేవి. 2001లో జెమినిలో మొదలైన 'అమృతం' కూడా వారానికొకసారి వచ్చిందే. కానీ నిలబడింది డైలీ. దూరదర్శన్‌లో 'ఋతురాగాలు'తో జనానికి రోజూ చూసే అలవాటు చేసిన మంజులా నాయుడే 2003లో జెమినికి 'చక్రవాకం', 2008లో 'మొగలిరేకులు' ఇచ్చారు. రెండోది 2013 దాకా నడిచింది. ఐదేళ్లు నడిచే కథను ఎవరూ ముందే మొత్తం రాసి పెట్టుకోరు. నడుస్తూనే రాస్తారు. కాబట్టి రాసేవాడు దర్శకుడికి, నిర్మాతకు, ఛానల్‌కు పిలిస్తే పలికే దూరంలో ఉండాలి. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో రెండు గంటల పైచిలుకు ప్రయాణమే. అయినా హైదరాబాద్‌లో సినిమా, టీవీ పనివాళ్లుండే కృష్ణానగర్‌లో గది తీసుకోక తప్పని పరిస్థితి అప్పుడే వచ్చింది.

ఇప్పటి పని వరస ఇలా ఉంటుంది. కథను ఛానల్‌లో సీరియళ్లు చూసుకునే ఫిక్షన్ టీం ఆమోదించాలి. నెలకు సరిపడా ట్రాకు, అంటే కథ నడవాల్సిన దారి, అనుకుంటారు. దాన్ని ఎపిసోడ్‌లుగా విడగొట్టి వన్‌లైన్, అంటే ఏం జరుగుతుందో క్లుప్తంగా, రాస్తారు, ఆ తర్వాత సీన్ ఆర్డరు, స్క్రీన్‌ప్లే, చివరికి మాటలు. వీటిలో ఒక్కో మెట్టు మీద ఒక్కో మనిషి ఉండొచ్చు. కొత్తవాడు చేరేది అన్నిటికంటే కింద, మాటల రచయితకు అసోసియేట్‌గా. 2015 నుంచి రేటింగులు లెక్కిస్తున్న బార్క్ అంకెలు గురువారం గురువారం వస్తాయి. ఆ అంకె తగ్గితే శుక్రవారం నాటికి ట్రాకు మారిపోతుంది. చచ్చిపోవాల్సిన పాత్ర కోమాలోకి వెళ్లేది ఇలాంటి శుక్రవారాల్లోనే.

సీన్ పేపరు ఒకటి దగ్గరగా చూద్దాం. పైన సీన్ నంబరు, ఇల్లు, హాలు, పగలు, పాత్రల పేర్లు. పాత పద్ధతిలో కాగితం మధ్యన నిలువు గీత, ఎడమ పక్క నటులు చేసేది, కుడి పక్క మాట్లాడేది. ఇప్పుడు ఎక్కువగా ఫోన్లోనే టైపు చేసి వాట్సాప్‌లో పంపేస్తున్నారు. రాత్రి పదకొండింటికి మేనేజరు ఫోను: అత్త పాత్ర వేసే ఆవిడకు రేపు ఇంకో సీరియల్లో డేట్ పడింది, ఆమె లేకుండా మూడు సీన్లు మార్చాలి, కాల్‌షీటు పొద్దున ఏడింటికి. ఆ మూడు సీన్లలో ఉన్నదే అత్తాకోడళ్ల గొడవ. అసోసియేట్ కూర్చుంటాడు. అత్త గుడికి వెళ్లిందందాం. ఆమె అనాల్సిన మాటల్లో ఘాటైన నాలుగు ఆడపడుచు నోట పెడదాం. మూడో సీను ఫోన్ సంభాషణ చేద్దాం, అవతలి గొంతు డబ్బింగ్‌లో చెప్పించుకోవచ్చు. తెల్లవారుజామున మూడింటికి ఫైలు వెళ్తుంది. టైటిల్లో మాటల రచయిత పేరు పడుతుంది, అసోసియేట్ పేరు పడొచ్చు, పడకపోవచ్చు. అతనికి ముట్టేది కూడా చాలాచోట్ల ఆ రచయిత జేబులోంచే. ఈ పని చిన్నదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. రాత్రికి రాత్రి ఒక మనిషిని కథలోంచి తీసి, కథ నడుస్తూనే ఉందనిపించడానికి గట్టి నేర్పు కావాలి. కాకపోతే ఆ నేర్పు రుజువు చేసుకోవడానికి హన్మకొండలో కూర్చుంటే వీలు పడదు.

పాట సంగతి వేరు. చల్లగరిగ అనే ఊరి నుంచి వెళ్లిన చంద్రబోస్ 1995లో మొదటి సినిమా పాట రాసి, 2023లో ఆస్కార్ దాకా వెళ్లారు. హన్మకొండ వాడైన కాసర్ల శ్యామ్‌కు 'బలగం' సినిమాలోని పాటకు జాతీయ అవార్డు వచ్చింది. వాళ్లూ తిరిగారు, వాళ్లూ ఎదురుచూశారు. కానీ పల్లవి, రెండు చరణాలు అనేది దానికదే పూర్తి అయిన వస్తువు. ఒక గదిలో మూడు నిమిషాలు పాడి వినిపిస్తే పనితనం తెలిసిపోతుంది. పైగా ఇక్కడి గడ్డ పాటకు తయారుచేసిన గడ్డ. ప్రజా నాట్యమండలి, జన నాట్యమండలి, 2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ఉద్యమ ఆటపాటల సభ ధూంధాం, ఇవన్నీ పాట కట్టేవాళ్లనే ముందుకు తెచ్చాయి. ఇళ్లల్లో కుర్చీలేసుకుని మాట్లాడుకునే మనుషుల నాటకం ఇక్కడ అంతగా పెరగలేదు.

అలాగని రోజుల తరబడి కథ నడిపే విద్య ఇక్కడ లేదనుకోవద్దు. జనగామ దగ్గరి మాణిక్యాపురం వాడైన చుక్క సత్తయ్య ఒగ్గుకథ విన్నవాళ్లకు తెలుసు, ఎక్కడ ఆపితే జనం లేవకుండా కూర్చుంటారో ఆ మనిషికి ఎంత బాగా తెలుసో. బీరప్ప కథ రోజుల తరబడి నడుస్తుంది. బట్ట మీద బొమ్మలు చూపిస్తూ చెప్పే పటం కథలదీ అదే దారి. ఆపే చోటు, మళ్లీ ఎత్తుకునే చోటు, మధ్యలో నవ్వించే పక్కవాద్యగాడు, డైలీ సీరియల్‌కు కావాల్సిన సరుకంతా అందులో ఉంది. మనం దాన్ని వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠంలో పరిశోధనాంశంగా చదువుకున్నాం, మంచిదే. రచనా విద్యగా మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఇక భాష. తెలుగు సినిమా మద్రాసులో పెరిగి, అక్కడి నుంచి తెచ్చుకున్న మాటతీరునే టీవీ ఇంట్లోకి తెచ్చింది. తెలంగాణ మాట రౌడీకో, పనిమనిషికో, నవ్వించేవాడికో వెళ్లింది. ఈ ఫిర్యాదు ఉద్యమకాలంలో గట్టిగానే వినిపించింది. సీరియల్లో దీనికి ఇంకో మెలిక ఉంది. ప్రధాన పాత్రలు వేసేవాళ్లలో చాలామంది కన్నడిగులు. కెమెరా పక్కన సహాయ దర్శకుడు డైలాగు అందిస్తుంటే వాళ్లు పెదవి కదుపుతారు, తర్వాత డబ్బింగ్ కళాకారిణి గొంతిస్తుంది. రాసిన మాట ఇన్ని నోళ్లు దాటాలి. "ఏందత్తమ్మా, పొద్దుగాల్నించి గిట్లనే కూసున్నవ్?" అని రాసినా, తెరకెక్కేసరికి అది "ఏంటత్తయ్యా, పొద్దున్నుంచీ ఇలాగే కూర్చున్నారు?" అయిపోతుంది. వరంగల్ ఇళ్లల్లో కోడలు అత్తను నువ్వనడంలో అగౌరవం లేదు. సీరియల్లో అలా అంటే ఆ వారమంతా గొడవే. కాబట్టి ఇక్కడి పిల్లవాడు అక్కడ నేర్చుకునే మొదటి పని తన ఇంట్లో ఎవరూ మాట్లాడని మాటల్లో ఇంటి మాటలు రాయడం.

కథల మీద కూడా పట్టు జారిపోయింది. 2010 తర్వాత హిందీ డబ్బింగ్ సీరియళ్ల మీద మన టీవీ కళాకారులు, కార్మికులు రోడ్డెక్కారు. అది నేరుగా పొట్టమీద దెబ్బ కనుక కనిపించింది. తర్వాత వచ్చిన రీమేకుల మీద అంత గోల జరగలేదు, ఎందుకంటే అందులో నటులకు, టెక్నీషియన్లకు పని ఉంటుంది. 2015లో మా టీవీని స్టార్ కొన్నాక, అదే నెట్‌వర్క్‌లో ఒక భాషలో ఆడిన కథ ఇంకో భాషకు రావడం తేలికైంది. 2017లో మొదలై ఐదేళ్లకు పైగా నడిచిన 'కార్తీక దీపం' మలయాళం 'కరుత్తముత్తు' నుంచి వచ్చింది. 'ఇంటింటి గృహలక్ష్మి' బెంగాలీ 'శ్రీమోయీ', 'గుప్పెడంత మనసు' బెంగాలీ 'మొహర్', 'బ్రహ్మముడి' బెంగాలీ 'గాట్‌ఛొరా'. ఛానల్ వైపు నుంచి చూస్తే తప్పుపట్టలేం, అక్కడ గెలిచిన గుర్రం మీద ఇక్కడ పందెం కాస్తున్నారు. రచయిత వైపు నుంచి చూస్తే మాత్రం నిచ్చెన పైమెట్టు ఊడిపోయింది. అసోసియేట్‌గా చేరి, మాటలు రాసి, ఎప్పటికైనా సొంత కథ ఇవ్వొచ్చని వచ్చినవాడికి ఆ కథ కోల్‌కతాలో ముందే తయారై ఉంది. అప్పుడప్పుడూ రచయితల కోసం పోటీలు, వర్క్‌షాపులు పెడతారు. అవి మేడారం జాతరలాగా, వచ్చినప్పుడు జనమే జనం, ఆ తర్వాత ఖాళీ మైదానం.

రాష్ట్రం వచ్చే ముందూ తర్వాతా కొన్ని పక్కదారులు తెరుచుకున్నాయి. వీ6 న్యూస్ ఛానల్‌లో తీన్మార్ వార్తలు తెలంగాణ మాటను గంటలకొద్దీ రాసేవాళ్ల అవసరం సృష్టించాయి. 2013లో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్' స్కిట్ రాసేవాళ్లకు చోటిచ్చింది. హైపర్ ఆది అక్కడ అదిరే అభి జట్టుకు రాస్తూ మొదలైనవాడే. సిరిసిల్ల ప్రాంతం వాడైన వేణు ఎల్దండి ఆ వేదిక మీద నవ్వించి, తర్వాత 2023లో తన ఊరి మనుషుల చావింటి కథ 'బలగం' రాసి తీశాడు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో' అయితే ఎవర్నీ అడగకుండానే యూట్యూబ్‌లో తన మాటలో తాను రాసుకుంది. ఆ షో గంగవ్వను 2020లో బిగ్ బాస్ ఇంటికి పిలిచారు. టీవీ పిలిచింది ముఖాన్ని. రాసే చేతుల దాకా రావడానికి ఇంకా సమయం పట్టింది, అదీ ఛానల్‌లో కాకుండా ఓటీటీలో. 2025లో జీ5లో వచ్చిన 'మోతెవరి లవ్ స్టోరీ'లో ఆ షో అనిల్ జీలానే హీరో.

ఈ పక్కదారులన్నిటికీ ఒక పోలిక ఉంది. కాగితం ఇప్పటికీ ప్రయాణించట్లేదు. రాసేవాడు స్కిట్‌లో దూకాలి, యాంకర్ కావాలి, లేదంటే వీడియోలో కనబడాలి. నటన రానివాడు, నలుగురిలో బిడియపడేవాడు, ఊరికే బాగా రాసేవాడు, అతనికి పాత రోజుల్లో పోస్టాఫీసు ఉండేది.

చేతిలో కాగితం లేకపోవడం వల్ల వచ్చే నష్టం ఇంకొకటి ఉంది. ఇక్కడ కథ 'చెప్పడమే' పద్ధతి. ఆఫీసులో అరగంట నోటితో చెప్పి వస్తారు. ఆరు నెలలకు అలాంటి కథే ప్రోమోలో కనిపిస్తే అడగడానికి ఆధారముండదు. ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని వ్యక్తం చేసిన రూపానికే ఉంటుందని ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. అంటే సీన్లుగా, మాటలుగా రాసి ఉన్నదే లెక్క. కాపీరైట్ కార్యాలయంలో సాహిత్య రచన నమోదుకు ఫారం 14, రుసుము 500 రూపాయలు. డైరీ నంబరు పడ్డాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. ఇదంతా ఆన్‌లైన్లో ఇంటి నుంచే చేసుకోవచ్చు, కథ చెప్పడానికి వెళ్లే ముందే చేసుకోవాలి కూడా. 2012 సవరణ తర్వాత సినిమాలో వాడిన సాహిత్యానికి రాయల్టీలో రచయితకు సమాన వాటా చట్టంలోకి వచ్చింది. దాన్ని వసూలు చేసి పంచడానికి పాటల రచయితలకు ఐపీఆర్‌ఎస్ అనే కాపీరైట్ సంఘం ఉంది. సీరియల్ మాటలకు సాధారణంగా ఎపిసోడ్ లెక్కన ఒకసారి ఇచ్చేదే, మళ్లీ ప్రసారమైనా ఇంకో భాషకు డబ్ అయినా అంతే. అసోసియేట్‌కు అదీ లేదు. రీమేకులో అతను తెల్లవార్లూ రాసిన ఎపిసోడ్‌కు కథ బెంగాల్‌ది, హక్కులు ఛానల్‌వి, టైటిల్లో పేరు గురువుది.