గడియ చూపించిన చోటు

చిన్నూ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. అమెరికాలో మీ మామయ్య తన మాజ్దా మియాటా కారులో గేరు రాడ్డు చుట్టూ ఉన్న తోలు తొడుగు తీసి, గాడులు కోసిన అల్యూమినియం పలక బిగిస్తుంటే వీడియోలో చూశారట. "తాతయ్యా, ఆ గాడులు లేకపోతే గేరు పడదా?" అని అడిగారు.

పడుతుంది. మన పెరటి తలుపు గడియను జరిపేది మీ చెయ్యే అయినా, అది ఎక్కడ దిగాలో చెప్పేది ద్వారబంధంలోని రంధ్రం. కారులో ఆ రంధ్రం గేరుబాక్సు లోపల, నూనె మధ్య దాగి ఉంటుంది. రెండు గేర్లు ఒకేసారి పడకుండా అడ్డు కూడా అక్కడే ఉంటుంది. పైనున్న పలక లోపలి దారికి బయట గీసిన ముగ్గు. ఇటలీలో ఫెరారీ వాళ్లు దశాబ్దాలపాటు ఆ ముగ్గును దాచకుండా మెరిపించారు. 1975లో వచ్చిన వాళ్ల 308 అనే కారులో మొదటి గేరు ఎడమవైపు కింద, రివర్సు దాని పైన. పలకతో కారు వేగం పెరగదు. కానీ రాడ్డు గాడి అంచును తాకినప్పుడు వచ్చే ఆ ఠక్కుమనే చప్పుడు నాకు ఎంతో ఇష్టం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఇంటికి కొత్త తలుపు పెట్టారు. వడ్రంగి తాత భోజనానికి వెళ్లినప్పుడు నేను కంటి అంచనాతో ద్వారబంధానికి రంధ్రం తొలిచాను. గడియ అర అంగుళం పైన తగిలింది. ఆయన కోప్పడలేదు. గడియ కొసకు దీపం మసి రాసి, తలుపు మూసి నొక్కాడు. చెక్క మీద నల్లటి మచ్చ పడింది. "గడియ చూపించిన చోటే తొలవాలి బాబూ" అన్నాడు. వానాకాలంలో చెక్క ఉబ్బుతుందని మచ్చకంటే కాస్త వెడల్పుగా తొలిచాడు.

మామయ్య పనీ అంతే. ముందు ఒక్కో గేరు వేసి, రాడ్డు ఎక్కడ నిలుస్తుందో గుర్తు పెట్టుకోవాలి. తర్వాతే గాడి. తొందరపడి కోసిన లోహం మళ్లీ అతకదు. మియాటాలో రాడ్డు నేరుగా గేరుబాక్సులోంచే లేస్తుంది. ఇంజన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది కనుక, యాక్సిలరేటర్ తొక్కితే అది ఊగుతుంది, దానికి బిగించిన గేరుబాక్సూ, దానితో రాడ్డూ ఊగుతాయి. పలకను కారు బాడీకి బిగిస్తే అది మాత్రం కదలదు. గాడి బిగుతుగా ఉంటే అంచు రాడ్డును ఆపేస్తుంది, గేరు పూర్తిగా పడదు. ఉబ్బిన తలుపూ గడియా గుర్తున్నాయి కదా! మొదటి తరం ఆడి ఆర్8 కారులో ఇంజన్ సీట్ల వెనక ఉంటుంది, రాడ్డు నుంచి అక్కడికి కేబుళ్లు వెళతాయి. రాడ్డు పీఠమూ పలకా రెండూ బాడీ మీదే ఉండటం వల్ల కంపెనీవాళ్లే గాడులు అందంగా కోసి ఇచ్చారు.

ఆదివారం మీ కారులో నాన్నను పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, న్యూట్రల్‌లో రాడ్డును ఎడమకు నెట్టి వదలండి. తర్వాత కుడికి. రెండుసార్లూ అది తనంతట తానే ఏ రెండు గేర్ల మధ్యకు వచ్చి నిలుస్తుందో చూడండి. ఆ తర్వాత నాన్నను ఇంజన్ స్టార్ట్ చేయమనండి. రాడ్డు వణుకుతుందా? ఎదురింటి పాత జీపులో కూడా అడిగి చూడండి. ఏది ఎక్కువ వణికిందో నాకు రాయండి.

మీ తాతయ్య