చింతపిక్కల పురుగు

చిట్టీ, బుజ్జిగా,

మొన్న వీడియో కాల్‌లో అడిగారు కదా, "తాతయ్యా, నీ కంప్యూటర్లో గళ్ళ మీద పురుగు పాకుతోంది, దాన్నెవరు తోలుతున్నారు?" అని. ఎవరూ తోలట్లేదర్రా.

అది 1970లో లోకానికి తెలిసిన ఆట, 'గేమ్ ఆఫ్ లైఫ్'. కట్టింది కేంబ్రిడ్జిలో లెక్కల మాస్టారు జాన్ కాన్వే. గళ్ళని మా ఊరి అరుగులనుకోండి. ఒక్కో అరుగుకి, మూలలతో కలిపి, చుట్టూ ఎనిమిది అరుగులు. పక్కన ఎవరూ లేకపోయినా, ఒక్కరే ఉన్నా తోచక లోపలికి పోతారు. ఇద్దరో ముగ్గురో ఉంటే కబుర్లు సాగుతాయి, కూర్చుంటారు. నలుగురైనా, అంతకు మించినా గోల, విసుక్కుని లేస్తారు. ఖాళీ అరుగు చుట్టూ సరిగ్గా ముగ్గురుంటే, ఏం మాట్లాడుకుంటున్నారో విందామని ఆ ఇంటావిడ బయటికొస్తుంది. మా రంగమ్మత్త అచ్చం ఇంతే. నిజానికి అత్త నలుగురున్నా వచ్చేదిలెండి.

ఇంకో రూలు లేదు. ప్రోగ్రాం పక్కల్ని లెక్కపెట్టి, గళ్ళన్నీ ఒక్కసారే మారుస్తుంది.

మరి పురుగెలా కదిలింది? చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభ మీద రంగుబల్బులు పరిగెడుతుంటే, ఎక్కడికి పోతున్నాయో చూద్దామని వెనక్కి దూరాను. ఒక్క బల్బూ జరగలేదు! ఒకటి ఆరుతోంది, పక్కది వెలుగుతోంది. మన పురుగూ అంతే. తీగ ముట్టుకోబోతే నాన్న వీపు మీద ఒక్కటిచ్చారు. మీరు తీగల జోలికి పోకండి.

వాకిట్లో సుద్దముక్కతో ఆరుకి ఆరు గళ్ళు గీయండి. గడిలో పిక్క ఉంటే అరుగు మీద మనిషి ఉన్నట్టు. కాన్వే కూడా మొదట్లో గో ఆట పలక మీద బిళ్ళలు పెట్టే చూశారు. చింతపిక్కలు మొదటి వరసలో రెండో గడిలో, రెండో వరసలో మూడో గడిలో, మూడో వరసలో మొదటి మూడు గళ్ళలో పెట్టండి. పోయే పిక్కని వెంటనే తీశారో, లెక్క తప్పుతుంది. దాని పక్కన ఓ బియ్యపు గింజ, పుట్టే గడిలో ఓ కందిగింజ గుర్తుగా ఉంచి, గళ్ళన్నీ చూశాకే మార్చండి. తొందరపడి నేను మూడుసార్లు మొదటికొచ్చాను. ఓపిక లేనివాడికి ఐదు పిక్కలు కూడా లొంగవు.

నాలుగోసారి మార్చాక అదే ఆకారం ఓ గడి కిందికీ, ఓ గడి కుడికీ జరిగి ఉంటుంది. ముప్పై మార్పులకొకటి చొప్పున ఇలాంటి పురుగుల్ని ఆగకుండా వదిలే అమరిక కూడా ఇవే రూళ్ళతో ఉంది. అమెరికాలో బిల్ గాస్పర్ బృందం 1970లోనే దాన్ని కనిపెట్టింది. అరుగు కబుర్లలోంచి అంత యంత్రం ఎలా పుట్టిందో ఈ పోలికతో నేను చెప్పలేను.

పురుగు మీ ఆరో గడి గట్టుకి తగిలాక ఏమైందో చూసి రాయండి.

మీ తాతయ్య