'స్త్రీలు కావలెను' అన్న ప్రకటన వెనుక

నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో కొత్త బట్టల దుకాణం తెరుస్తున్నారంటే, ఉదయం దినపత్రికలో పెట్టి పంచే కరపత్రంలో ఉద్యోగాల వివరాలు దాదాపు ఒకే మూసలో ఉంటాయి. సేల్స్‌కు ఇరవై అయిదేళ్లలోపు అమ్మాయిలు కావాలి, అవివాహితులకు ప్రాధాన్యం. గోడౌనుకు, డెలివరీకి సొంత బండి ఉన్న అబ్బాయిలు కావాలి. క్యాషు కౌంటరుకు నమ్మకస్తులు కావాలి, అంటే యజమానికి తెలిసినవారి ద్వారా రావాలి. లింగం, వయస్సు, పెళ్లి, పరిచయం చాటున కులం, ఇవన్నీ ఇక్కడ అర్హతలుగా చెలామణి అవుతాయి, చదివినవారిలో ఎవరికీ తప్పుగా తోచవు. ఇందులో ఒక్క వాక్యం ప్రభుత్వ నోటిఫికేషన్‌లో వచ్చినా హైకోర్టులో పిటిషన్ పడుతుంది.

ఈ తేడాకు మూలం రాజ్యాంగంలోనే ఉంది. మతం, కులం, లింగం, పుట్టిన చోటు వంటి కారణాలతో మాత్రమే ఎవరికీ ఉద్యోగం నిరాకరించరాదన్న 16వ అధికరణ ప్రభుత్వోద్యోగాలకే వర్తిస్తుంది. దానిపై తొలినాటి పరీక్షల్లో ఒకటి ఉద్యోగ ప్రకటన మీదనే జరిగింది. నెల్లూరు జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆ రోజుల్లో, 1949 డిసెంబరులో మద్రాసు సర్వీస్ కమిషన్ జిల్లా మునసబు (కింది స్థాయి సివిల్ జడ్జి) పోస్టులకు దరఖాస్తులు కోరింది. 83 పోస్టులను కమ్యూనల్ జీవో (ఉద్యోగాలను కులమతాల వారీగా పంచే ప్రభుత్వ ఉత్తర్వు) ప్రకారం హరిజనులు, ముస్లింలు, క్రైస్తవులు, వెనుకబడిన హిందువులు, బ్రాహ్మణేతర హిందువులు, బ్రాహ్మణులు అంటూ ముందే పంచేశారు. వెంకటరమణ అనే అభ్యర్థి వేసిన కేసులో సుప్రీంకోర్టు 1951లో తీర్పిస్తూ, హరిజనులకూ వెనుకబడినవారికీ ఇచ్చిన రిజర్వేషన్ చెల్లుతుందనీ, మిగిలినవారిని కులమతాల వారీగా విడదీయడం చెల్లదనీ చెప్పింది. వెనుకబాటును సరిచేసే కేటాయింపు వేరు, పుట్టుకను బట్టి తలుపు మూయడం వేరు అన్న గీత అక్కడ పడింది.

స్త్రీల విషయంలో ప్రభుత్వ రంగం కూడా అంత త్వరగా మారలేదు. విదేశాంగ సర్వీసులోని మహిళ పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన 1979లో ఆ సర్వీసు అధికారి సి.బి. ముత్తమ్మ కేసు వచ్చేదాకా పుస్తకాల్లో ఉంది. ఎయిర్ ఇండియా ఎయిర్ హోస్టెస్ మొదటి గర్భంతోనే ఉద్యోగం వదులుకోవాలన్న నియమాన్ని సుప్రీంకోర్టు 1981లో కొట్టివేసింది కానీ, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకోరాదన్న నియమాన్ని మాత్రం నిలబెట్టింది, ఇది చాలామందికి గుర్తుండదు. ఎల్ఐసీ ఉద్యోగానికి ఎంపికైన మహిళ చేత నెలసరి, గర్భధారణల వివరాలు రాయించుకునే ఫారంపై కోర్టు అభ్యంతరం చెప్పింది 1991లో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన సర్వీసు నిబంధనల్లో 22-ఎ చేర్చి స్త్రీలకు 30 శాతం కేటాయించగా, 1995లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

ప్రైవేటు యజమానిని తాకిన చట్టం ఒక్కటే చెప్పుకోదగినది, 1976 నాటి సమాన వేతన చట్టం. అంతర్జాతీయ మహిళా సంవత్సరమైన 1975లో ఆర్డినెన్సుగా మొదలై మరుసటి ఏడాది చట్టమైన దీని 5వ సెక్షన్, ఒకే పనికి లేదా ఒకే తరహా పనికి మనుషులను తీసుకునేటప్పుడు స్త్రీల పట్ల వివక్ష చూపరాదని చెప్పింది. ఉల్లంఘిస్తే కనీసం పదివేల రూపాయల జరిమానా, లేదా మూడు నెలలకు తగ్గని జైలు అని తర్వాతి సవరణలో రాశారు. కాగితం మీద ఇది గట్టి శిక్షే. అయినా మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ చట్టం ఎందుకు చేతికి అందలేదో తెలియాలంటే ఇక్కడి పనులను దగ్గరగా చూడాలి.

కందుకూరు, టంగుటూరు, కొండపి ప్రాంతాల్లో పొగాకు క్యూరింగ్ అయ్యాక గ్రేడింగు మొదలవుతుంది. స్త్రీలు నేల మీద బారులుగా కూర్చుని, ఆకు రంగూ మందమూ మచ్చా చూసి, వేళ్లతోనే తేడా పట్టి, కుప్పలుగా వేరు చేస్తారు. వేలం కేంద్రంలో బేలుకు పలికే ధర చాలావరకు ఆ చూపు మీదే ఆధారపడుతుంది. బేళ్లు కట్టడం, మోయడం, లారీకెత్తడం మగవాళ్ల పని, వాళ్ల కూలి ఎక్కువ. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం (కాకిబంగారం) గనుల కథా ఇంతే. భూగర్భంలోకి స్త్రీలు దిగరాదని 1952 గనుల చట్టం నిషేధించగా, పైన షెడ్లలో కాకిబంగారాన్ని పొరలు పొరలుగా విడదీసే పని స్త్రీలది అయింది. ఆ నిషేధం షరతులతో సడలింది 2019లో మాత్రమే. ఇప్పుడు తీరం వెంబడి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు తెల్లవారకముందే వ్యాన్లలో వెళ్లే స్త్రీలు తలలు తీసి, పొట్టు వలుస్తారు. చాలాచోట్ల లెక్క కిలో చొప్పున. కోల్డ్ స్టోరేజీ, యంత్రాలు, లోడింగు పురుషులవి.

ఈ పనులన్నింటికీ ప్రకటన ఉంటే 'స్త్రీలు కావలెను' అనే ఉంటుంది. పైకి అది అవకాశంలా కనిపిస్తుంది, వివక్ష అని ఎవరికీ అనిపించదు. కానీ చట్టం అడిగేది ఒకే తరహా పనిలో ఉన్న పురుషుడితో పోలిక. ప్రకటనలోనే పని ఆడదిగా, మగదిగా చీలిపోతే పోల్చడానికి పక్కన మగవాడు ఉండడు, కూలి తక్కువన్న ఫిర్యాదుకు ఆధారమూ ఉండదు. నా లెక్కన మగవారికి మాత్రమే అన్న ప్రకటన కన్నా ఇదే ఎక్కువ నష్టం చేసింది. పైగా సగం నియామకాలకు కాగితమే లేదు, మేస్త్రి ఫోను చేసి ఎంతమంది కావాలో చెబుతాడు, అంతే.

నియామకాలను బహిరంగం చేయడానికి 1959లో ఒక చట్టం వచ్చింది. ఇరవై అయిదుగురు లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి తెలపాలని అది చెప్పింది. అయితే తెలపడం వరకే బాధ్యత, అక్కడి వారినే తీసుకోవాలని ఉండేది కాదు. వ్యవసాయ పనులకూ, మూడు నెలలలోపు ఖాళీలకూ మినహాయింపు కూడా ఉండేది. కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాల కేసులో 1996లో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి పేర్లతో ఆగకుండా పత్రికల్లోనూ ప్రకటించాలని చెప్పింది. అదీ ప్రభుత్వ కార్యాలయాలకే.

కులం సంగతి ప్రకటనలో కనపడదు, ఇంటర్వ్యూకు పిలిచే ముందే తేలిపోతుంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆంగ్ల దినపత్రికల ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులుగా, ముస్లిం పేరుకు మూడో వంతుగా తేలింది. ప్రైవేటు యజమాని ఇలా చేయకూడదని చెప్పే సాధారణ చట్టం దేశంలో లేదు.

నెల్లూరు నుంచి తడ దాటి చెన్నై వైపు వెళితే శ్రీపెరంబుదూరు వస్తుంది. అక్కడి ఫాక్స్‌కాన్ ఐఫోన్ కర్మాగారంలో పెళ్లైన స్త్రీలను చేర్చుకోవడం లేదని 2024 జూన్‌లో రాయిటర్స్ రాసింది. కంపెనీ ఆరోపణను అంగీకరించలేదు. కేంద్ర కార్మిక శాఖ తమిళనాడును నివేదిక అడిగింది. ప్రకటనల్లో వయస్సు, లింగం, వివాహ షరతులు రాయవద్దని కంపెనీ తన రిక్రూటింగ్ ఏజెంట్లకు చెప్పినట్లు అదే ఏడాది నవంబరులో వార్త వచ్చింది. రాయకపోవడమూ చూడకపోవడమూ ఒకటి కాదన్నది వేరే సంగతి. చట్టపరమైన చిక్కు ఏమంటే, అప్పుడు అమల్లో ఉన్న 1976 చట్టం స్త్రీకీ పురుషుడికీ మధ్య తేడాను చూసింది, పెళ్లైన స్త్రీకీ పెళ్లికాని స్త్రీకీ మధ్య తేడా గురించి ఏమీ చెప్పలేదు.

ఆ చట్టం స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ వచ్చి, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. నియామకంలో లింగ వివక్ష కూడదన్న మాటను కోడ్ నిలుపుకుంది, ఒకే తరహా పని అన్న పోలికనూ అలాగే ఉంచింది. వివాహం, వయస్సు, కులం, మతం అందులో లేవు. తొలి ఉల్లంఘనకు జైలు పోయింది, ఇరవై వేల రూపాయల వరకు జరిమానా మిగిలింది, అది కూడా తప్పు సరిదిద్దుకోవడానికి యజమానికి ముందుగా గడువు ఇచ్చాకే.